వంద గజాల గీత

(రేడియో మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



సెలవులకి ఇంటికొచ్చిన పిల్లవాడి బట్టలు నానబెట్టే ముందు జేబులు వెతకడం మనందరికీ అలవాటే కదండీ. చిల్లర డబ్బులు, నలిగిన బస్సు టిక్కెట్టు, పెన్ను మూత, ఇలాంటివే దొరుకుతాయి. కిందటి వేసవిలో మా చిన్నవాడి చొక్కా జేబులో నాకు నాలుగు లవంగాలు దొరికాయి. ఇందులో ఏముంది, పంటి నొప్పేమో అనుకుంటారు మీరు. నాకు మాత్రం గుండె గతుక్కుమంది. ఎందుకంటే ముప్ఫై ఏళ్ళ కిందట మా అన్నయ్య జేబులోనూ లవంగాలే ఉండేవి. నోటి వాసన పోవడానికి.

మాది ఉంగుటూరు. నూజివీడు వైపు మాకు రెండెకరాల మామిడి తోట ఉండేది. ఏటా పూత మీదనే గుత్తకిచ్చేసేవారు నాన్నగారు. ఆ డబ్బులు రాగానే అమ్మ వాటిని మూడు మూటలు కట్టేది. ఒకటి అప్పులకి, ఒకటి ఇంటికి, ఒకటి అన్నయ్య డిగ్రీ చదువుకి. అన్నయ్య హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. 1994లో కాబోలు, పరీక్ష ఫీజు పెరిగిందని రెండోసారి డబ్బు పంపమని ఉత్తరం రాశాడు. నాన్నగారు పంపేద్దామన్నారు. అమ్మకి ఎందుకో నమ్మకం కుదరలేదు. నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

కాలేజీ గేటు పక్కనే, గోడకి ఆనించి, ఒక కిళ్ళీ బడ్డీ. అన్నయ్య కోసం చూస్తూ అక్కడే నిలబడ్డాం. మాటల్లో అమ్మ పిల్లవాడి పేరు చెప్పేసరికి ఆ బడ్డీ ఆయన ముఖం వెలిగింది. పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి తీసి, పేజీ తిప్పి అమ్మ చేతిలో పెట్టాడు. అన్నయ్య పేరు, పేరు కింద వరసగా తారీకులు, సిగరెట్ల లెక్క. మొత్తం నాలుగు వందల పన్నెండు రూపాయలు. అమ్మ రవిక లోంచి చిన్న పర్సు తీసి లెక్కపెట్టి ఇచ్చేసింది. మామిడి డబ్బులే అవి. అన్నయ్యని కలిసింది, అన్నం తిన్నావా అని అడిగింది, ఆ ఊసే ఎత్తలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ ఒక్క మాట మాత్రం అంది. "ఆ కొట్టు గేటు పక్కన లేకపోతే, వీడు మైలు దూరం నడిచి వెళ్ళి కొనుక్కునేవాడంటావా?"

మా అమ్మ ఐదో క్లాసు చదివింది. ఆవిడ బస్సులో అడిగిన ఆ ప్రశ్న మన దేశంలో చట్టంలోకి ఎక్కడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. ఆ కథే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

పొగాకు మన దేశపు మొక్క కాదండీ. మిరపకాయ లాగే, జామపండు లాగే అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. వచ్చిన కొద్ది కాలానికే రాజులకి కోపం తెప్పించింది. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు 1604లో పొగ తాగడాన్ని తిడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇక్కడ జహంగీరు చక్రవర్తి 1617లో పొగాకు వద్దని ఆజ్ఞ వేశాడు. ఎవరు విన్నారు కనక? మన బందరు నుంచి నశ్యం డబ్బాలు సీమ దాకా వెళ్ళాయి. మచిలీపట్నం నశ్యం అంటే దొరలకి మహా ఇష్టంట. చుట్ట, నశ్యం, పొగాకు కాడ, ఇవన్నీ తాతలనాటి నుంచీ మనవే అనిపించేటంతగా మన ఇళ్ళల్లో కలిసిపోయాయి. మా తాతగారు చుట్ట వెలిగించుకోవడానికి పొయ్యిలోంచి నిప్పు కణిక పట్టకారుతో తెచ్చివ్వడం మా అమ్మమ్మ దినచర్యలో ఒక భాగం. ఆ పొగ ఆవిడకీ వెళ్ళేదని ఎవరికీ తోచలేదు.

చదువుకీ పొగకీ మన వైపు స్నేహం కొత్తదేం కాదు. గురజాడ వారి 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో అచ్చయింది. అందులో గిరీశం దగ్గర వెంకటేశానికి పట్టుబడిన విద్య ఏమిటో మీ అందరికీ గుర్తే. ఇంగ్లీషు కాదు, చుట్ట కాల్చడం. మనం పడీపడీ నవ్వుకుంటాం గానీ, గురజాడ వారు అక్కడ ఒక నిజం పట్టుకున్నారు. పొగ అలవాటు ఇంట్లో కంటే చదువుకునే చోటే, తనకంటే కాస్త పెద్దవాణ్ణి చూసి అబ్బుతుంది. సిగరెట్ వెలిగించిన ప్రతి పిల్లవాడికీ ఒక గిరీశం ఉంటాడు. రూమ్మేటు కావచ్చు, సీనియరు కావచ్చు, స్టాఫు రూములో కిటికీ పక్కన నిలబడి పొగ వదిలే మేష్టారు కావచ్చు.

ఇక మన గుంటూరు సంగతి. వర్జీనియా పొగాకు అక్కడ 1920 ప్రాంతాల్లో మొదలైంది. నల్లరేగడి నేలలు దానికి బాగా పట్టాయి. బేరన్లు లేచాయి, ఆకు కాలి బంగారు రంగు తేలింది, ఆ రంగే చాలా ఇళ్ళల్లో ఆడపిల్లల మెడలో బంగారం కూడా అయింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వచ్చింది. పొగాకు డబ్బుతో డాక్టర్లయినవాళ్ళు, ఇంజనీర్లయినవాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. గ్రేడింగుకి వెళ్ళి పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చుని ఆకు ఏరే ఆడవాళ్ళ కూలి మీద నడిచిన సంసారాలు ఎన్నో.

ఇక్కడ ఒక తమాషా చూడండి. 1975లో మన పార్లమెంటు పొగాకు గురించి రెండు చట్టాలు చేసింది. ఒకటి పొగాకు బోర్డు చట్టం, పంట బాగుండాలి, ఎగుమతి పెరగాలి అని. రెండోది సిగరెట్ల చట్టం, ప్రతి పెట్టె మీదా ఇది ఆరోగ్యానికి హానికరం అని అచ్చు వెయ్యాలి అని. ఒకే ఏడు, ఒకే సభ! ఆ బోర్డు 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా వెలిసింది. అదే సంవత్సరం సెప్టెంబరు 11న, అదే జిల్లాలో, నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. పొగాకుకి ఒక పెద్ద ఆఫీసూ, చదువుకి ఒక పెద్ద ఆవరణా ఒకే ఏడు పుట్టిన కవలలన్నమాట. ఆ రోజుల్లో అది ఎవరికీ వింతగా అనిపించి ఉండదు.

పొగాకు ఏం చేస్తుందో అప్పటికే తెలియదా అంటే, తెలుసు. తెలిసింది కూడా మన ఆడవాళ్ళ నోళ్ళ వల్లనే. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరపు పల్లెల్లో అడ్డపొగ తాగడం మీరు వినే ఉంటారు. చుట్ట వెలిగించి, మండే కొసను నోట్లోపల పెట్టుకుని పీలుస్తారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువ. గాలికి ఆరిపోదని ఒకరు, పనికి అడ్డం రాదని ఒకరు, కారణాలు చెబుతారు. నిప్పు అంగిలికి తగులుతూ తగులుతూ అక్కడే పుండవుతుంది. ఇంకెక్కడా అంతగా కనబడని అంగిటి కేన్సరు మన తీరంలో ఎందుకుందని డాక్టర్లు తలపట్టుకున్నారు. 1945లోనే బొంబాయికి చెందిన డాక్టర్ ఖనోల్కర్, సూర్యాబాయి అనే సహచరురాలితో కలిసి చుట్ట కేన్సరు గురించి ప్రపంచానికి చెప్పారు. విదేశీ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం మీద ఒక ఆడమనిషి పేరు కూడా ఉండడం నాకు భలే సంతోషంగా ఉంటుంది.

ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు ఊపిరితిత్తుల కేన్సరుకీ సిగరెట్టుకీ ఉన్న చుట్టరికాన్ని బయటపెట్టింది 1950లో. ఆ లెక్కలు కడుతూ కడుతూనే డాల్‌గారు తాను తాగడం మానేశారు. మిగతా ప్రపంచానికి అంత తొందర కలగలేదు.

1966 నుంచీ టాటా సంస్థ దంత పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి పదివేల మందికి పైగా నోళ్ళు తెరిపించి చూశారు. తరవాత 1977లో ఒక కొత్త పని మొదలుపెట్టారు. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే ముప్ఫై ఆరువేల మందిని ఎంచుకుని, మందూ మాకూ ఏమీ ఇవ్వకుండా, ఏటా వెళ్ళి మాట్లాడారు. నోరు చూసి, వివరంగా చెప్పి, బొమ్మలు చూపించి, సినిమాలు వేసి, మానండమ్మా అని అడిగారు. మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు తేలారు. నోట్లో కేన్సరుకి ముందు వచ్చే తెల్లమచ్చలు కూడా తగ్గుముఖం పట్టాయి. 1986లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మాటలతో ఏమవుతుంది అని మా ఆయన నా రేడియో ప్రసంగాల గురించి అప్పుడప్పుడు అంటూంటారు. వారికి ఈ సంగతే చెబుతుంటాను.

అయినా మాటలొక్కటే చాలవు. బడ్డీ గేటు పక్కన ఉన్నంత కాలం మాటకి బలం తక్కువ. ఇక్కడే కోర్టులు రంగంలోకి వచ్చాయి. కేరళలో మోనమ్మ కొక్కాడ్ అనే కాలేజీ అధ్యాపకురాలు, ప్రయాణంలో పక్కవాళ్ళ పొగ భరించలేక, ఇది నా హక్కుకి భంగం అని న్యాయస్థానం దాకా వెళ్ళారు. 1999 జులైలో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదని తీర్పు చెప్పింది. మనమైతే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఊరుకునేవాళ్ళం. 2001 నవంబరు 2న సుప్రీం కోర్టు దేశమంతటికీ అదే మాట చెప్పింది. ఆసుపత్రులు, బస్సులు, రైళ్ళు, గ్రంథాలయాలతో పాటు విద్యాసంస్థల పేరు కూడా ఆ జాబితాలో ఉంది. 2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడదు. విద్యాసంస్థకి వంద గజాల లోపల అసలు అమ్మనే కూడదు. ఈ వంద గజాల నియమం 2004 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మా అమ్మ బస్సులో అడిగిన ప్రశ్నకి సరిగ్గా పదేళ్ళు. విద్యాసంస్థ అంటే చిన్నపిల్లల బడి ఒక్కటే కాదు, కాలేజీలు, యూనివర్సిటీలు కూడా. కొలత గేటు దగ్గర్నుంచి కాదు, ప్రహరీ గోడ బయటి అంచు నుంచి చుట్టూతా కొలవాలి. ఇది గుర్తుపెట్టుకోండి. గేటు నుంచి లెక్కపెట్టి వెనక గోడకి ఆనించి బడ్డీ పెట్టేవాళ్ళు చాలామంది.

2008లో మన నూజివీడుకి ట్రిపుల్ ఐటీ వచ్చింది. రాజీవ్ గాంధీ పేరు మీద పెట్టిన విశ్వవిద్యాలయం కింద మూడు చోట్ల పెట్టారు, ఇడుపులపాయ, బాసర, నూజివీడు. పల్లెటూరి బడుల్లో బాగా చదివిన పిల్లల్ని పదో తరగతి అవగానే తీసుకుని ఆరేళ్ళు అక్కడే ఉంచి చదివిస్తారు. మామిడి తోటల నడుమ అంత పెద్ద ఆవరణ లేస్తుంటే మా ఊళ్ళోవాళ్ళు పనిగట్టుకుని బస్సెక్కి చూసొచ్చారు. నా మనసుకి తట్టింది ఇంకొకటి. యూనివర్సిటీ అంటే మీసాలొచ్చిన కుర్రాళ్ళు అనుకుంటాం. ఇక్కడ చేరేది పదిహేనేళ్ళ పిల్లలు. అమ్మ వేసిన జడ ఇంకా ఊడని వయసు. చట్టం ప్రకారం సిగరెట్ అమ్మకూడని వయసువాళ్ళూ, అమ్మవచ్చు అనే వయసువాళ్ళూ ఒకే హాస్టళ్ళ ఆవరణలో పెరుగుతారు. అదే 2008లో, అక్టోబరు 2 గాంధీ జయంతి రోజున, బహిరంగ స్థలాల్లో పొగ తాగితే రెండు వందల దాకా జరిమానా అనే కొత్త నిబంధనలు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. 1976లో గుంటూరు జిల్లాలో పొగాకూ చదువూ కలిసి పుట్టాయి. 2008 వచ్చేసరికి మన నూజివీడు చదువుకి తోడుగా పొగ వద్దనే నియమం పుట్టింది. ఈ తేడా కోసం ముప్ఫై రెండేళ్ళు పట్టింది.

ఆ తరవాత 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ పొగాకు రహిత విద్యాసంస్థలకి మార్గదర్శకాలు సవరించి ఇచ్చింది. గేటు దగ్గర బోర్డు ఉండాలి. లోపల ఎక్కడా పీక ముక్క గానీ, గుట్కా ఉమ్మిన మరక గానీ కనబడకూడదు. ఉపాధ్యాయుల్లోంచి, విద్యార్థుల్లోంచి కొందరిని పర్యవేక్షకులుగా పెట్టాలి. గోడ నుంచి వంద గజాల దగ్గర రోడ్డు మీద పసుపు గీత గియ్యాలి. ఎలక్ట్రానిక్ సిగరెట్లని కూడా అదే ఏడాది పూర్తిగా నిషేధించారు. పెన్నులా ఉంటాయవి. జేబులు వెతికే తల్లులకి అదొక కొత్త తలనొప్పి.

మన పిల్లలు వెళ్ళి చదువుకునే అమెరికాలో ఈ పద్ధతి మనకంటే ముందేమీ కాదు సుమండీ. మిస్సోరీ రాష్ట్రంలో ఓజార్క్స్ అనే కాలేజీ ఆవరణ మొత్తాన్ని పొగాకు రహితం చేసింది 2003లో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అన్ని ఆవరణల్లోనూ మానిపించింది 2014 జనవరి నుంచి. మా చెల్లెలి కూతురు అక్కడే చదువుతోంది. తాగాలనుకున్నవాళ్ళు ఆవరణ దాటి బయటికి నడుచుకుంటూ పోతారట. అమ్మ చెప్పిన మైలు దూరం సూత్రమే అది. చూశారా, కాలిఫోర్నియా వాళ్ళు మా అమ్మ దగ్గరికి రావడానికి ఎంత కాలం పట్టిందో!

లవంగాలు దొరికిన తరవాత, ఏదో వంకన, మా చిన్నవాడి కాలేజీకి వెళ్ళాను. గేటు దగ్గర బోర్డుంది. నడుచుకుంటూ వెళితే రోడ్డు మీద పసుపు గీత, సగం చెరిగిపోయి. గీతకి సరిగ్గా అవతల బడ్డీ. బడ్డీలో నా వయసుదే ఒకావిడ. టీ తాగుతూ కాసేపు మాట్లాడాను. మునుపు గేటు పక్కనే ఉండేదట వాళ్ళ బడ్డీ. పోలీసులు రెండుసార్లు వచ్చాక ఇక్కడికి జరిపారు. "అమ్మగారూ, గీత దాటే పెట్టుకున్నాం. సిగరెట్లు తీసేస్తే టీ మీద ఏం మిగులుతుంది? పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు," అంది. ఆవిడ కూతురు ఇంటరు. ఏమనగలను? కోపంతో వెళ్ళినదాన్ని, టీ డబ్బులిచ్చి నోరు మూసుకుని వచ్చేశాను. తొంభై ఒక్క మీటర్లు కుర్రకాళ్ళకి నిమిషం నడక. నన్నడిగితే గీత ఇంకా దూరం జరపాలి. జరిపితే ఆవిడ బతుకుతెరువుకి దారి కూడా జరిపినవాళ్ళే చూపించాలి. సిగరెట్ల స్థానంలో ఆ బల్ల మీద ఇంకేదైనా పెట్టుకోవడానికి నాలుగు రూపాయలు సర్దేవాళ్ళు ఎవరూ నాకింతవరకు తగల్లేదు.

జరిమానా మీద కూడా నాకంత గురి లేదు. రెండు వందలు కట్టే కుర్రాడు అది ఇంటి దగ్గర్నుంచి తెచ్చే కడతాడు. అదీ మన మామిడి డబ్బే.

మా అన్నయ్య నలభై అయిదో ఏట మానేశాడు. ఛాతీలో నొప్పి వచ్చి, రెండు స్టెంట్లు వేయించుకున్నాక. ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంటాడు. మిగిలిన ఒక ఎకరం తోట చూసుకుంటున్నాడు, మెట్లు ఎక్కితే ఆయాసం. లవంగాల సంగతి నేను వాడికి చెప్పాను. మా వాణ్ణి మాత్రం నేనడిగితే "నావి కాదమ్మా, మా రూమ్మేటువి" అన్నాడు. నమ్మాలో వద్దో తెలియలేదు.

మే నెలాఖరున అందరం ఉంగుటూరు వెళ్ళాం. అన్నయ్య చిన్నరసాలు గంపకెత్తించి, మేనల్లుణ్ణి పక్కన కూచోబెట్టుకున్నాడు. చెట్టు కింద ఇద్దరూ చాలాసేపు రసాలు పిండుకు తింటూ ఏదో మాట్లాడుకున్నారు. నేను వంటింటి గుమ్మం దగ్గర్నుంచి చూస్తున్నానే గానీ ఒక్క మాటా వినబడలేదు. రాత్రి అన్నాలప్పుడు వాడు చాలా నిశ్శబ్దంగా ఉన్నాడు. మర్నాడు బస్సెక్కించి వచ్చిన అన్నయ్యని నిలదీశాను. ఏం చెప్పావు వాడికి, కేన్సరు గురించా, స్టెంట్ల గురించా అని.

"అవేం చెప్పలేదే," అన్నాడు. "నాలుగు వందల పన్నెండు రూపాయల గురించి చెప్పాను."

నేను తెల్లబోయాను. అమ్మ ఆ సంగతి చచ్చిపోయేదాకా వాడి దగ్గర ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"బడ్డీ ఆయన ఆ సాయంత్రమే చెప్పాడు. మీ అమ్మగారు మొత్తం కట్టేసి వెళ్ళారు, ఇవాళ్టి నుంచి కొత్త పేజీ వేశానన్నాడు," అన్నాడు అన్నయ్య, గంపలో మిగిలిన పళ్ళు వరిగడ్డిలో సర్దుతూ.